ఇంకా గాలిలోనే

పార్వతీపురంలో విమానాలు దిగే దిగుపట్టె ఆదివారం ఉదయం ఒకప్పటి బస్టాండు మల్లే కిటకిటలాడుతుంది. ఇంటికో బుల్లి విమానం వచ్చాక బస్సు ముఖం చూసేవాడే లేడు. ఆ విమానాలను దింపేది మనిషి కాదు, మృదుపాదం అనే యంత్రం. అది వచ్చిన ఇరవై ఏళ్లలో ఒక్క విమానమూ నేలకు గట్టిగా తగల్లేదు. ఇక దండగెందుకని మంటలార్పే బండిని కూడా తీసేశారు.

అలాంటి ఒక ఆదివారం ఉదయం ఒకటి తగిలింది. ఇందుమతి కళ్లెదుటే తమ్ముడు శశిభూషణ్ విమానం అడ్డగాలికి దభీమని కూలబడి, చక్రాలు ఊడి, పొట్ట మీద జారి ఆగింది. అడుగున బ్యాటరీ నుంచి పొగ లేచింది. లోపల శశి బతికే ఉన్నాడు, అద్దం బాదుతున్నాడు. తలుపు మాత్రం తెరుచుకోలేదు. నేల తగిలిందని మృదుపాదానికి చెప్పే స్పర్శిక చక్రాల్లో ఉంటుంది. ఆ చక్రాలే లేవు. విమానం ఇంకా ఎగురుతోందని నమ్మి, అది తలుపు బిగించే ఉంచింది.

ఇందుమతి పట్టె చుట్టూ కట్టిన పసుపు తాడు దాటి పరుగెత్తింది. అక్కడున్న మిగతా ముప్పైమంది తాడు వెనకే ఉండిపోయారు. విమానం ఎక్కడుందో మృదుపాదం చెప్పినట్టు చూపే స్థితిపలక మీద ‘దిగింది’ అని పడేదాకా తాడు దాటకూడదన్నది వాళ్లకు ఇరవై ఏళ్లుగా ఒంటబట్టిన అలవాటు. పలక మీద ‘గాలిలో ఉంది’ అనే ఉంది. వాళ్లు విమానాన్ని ఒకసారి, పలకను ఒకసారి చూస్తున్నారు.

“గునపం తెండి. నలుగురు రండి,” అని అరిచింది.

పట్టె కాపలాదారు సింహాచలం తాడు పట్టుకుని పలకకేసి చూపించాడు. “పలక మారనీండమ్మా. దిగీసిందని అది చెప్పాలి గదా,” అన్నాడు.

ఆమె రాయి తీసుకుని అద్దాన్ని బాదింది. పక్షులు ఢీకొన్నా చెదరని అద్దం అది, గీత కూడా పడలేదు. ఆమెకు ఏడుపు కూడా రాలేదు, అంత భయం. శశి బాదడం ఆపి, దూరంగా పొమ్మని సైగ చేశాడు. ఆమె పోలేదు. కాసేపటికి పొగలో అతను కనిపించలేదు.

బ్యాటరీ పూర్తిగా కాలిపోయి యంత్రం మూగబోయింది. యంత్రం నుంచి సంకేతం ఆగితే, పలకకు ఆ విమానం దిగినట్టే లెక్క. పలక మీద ‘దిగింది’ అని పడింది.

ముప్పైమందీ ఒక్క ఉదుటున తాడు దాటారు. బిందెలతో నీళ్లు తెచ్చారు, గునపాలు తెచ్చారు. ఒకాయన చేతులు కాలుతున్నా వెనక్కి తగ్గలేదు. నాలుగు పోట్లకు అద్దం పగిలింది. సింహాచలం శశిని బయటికి మోసుకొచ్చి అక్క ముందు పడుకోబెట్టాడు.

“ఊపిరి లేదమ్మా,” అన్నాడు ఏడుస్తూ.

ఇందుమతి తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది.

“నేల మీదే ఉన్నట్టు మీకందరికీ కనబడుతూనే ఉంది కదా,” అంది.

“కనబడిందమ్మా,” అన్నాడు సింహాచలం.