గ్యున్స్‌బుర్గ్ వారి చివరి మేనకోడలు

మ్యూనిక్ రైల్వే స్టేషన్ ఎదుట ట్రామ్ కోసం నిలబడ్డ బూడిదరంగు కోటు మనిషి ఒకసారి దగ్గాడు. రెండోసారి దగ్గబోయి ఆగిపోయాడు. చుట్ట చుట్టిన వార్తాపత్రిక పట్టుకున్నవాడెవడో అతన్ని రాసుకుంటూ దాటిపోయాడు, అంతే. సైలెన్సర్ తొడిగిన పిస్తోలు చప్పుడు ట్రామ్ గంటలో కలిసిపోయింది.

అతన్ని కలుసుకోవడానికే వచ్చిన ఏజెంట్ బెన్నో ఎట్టింగర్ రోడ్డుకి అవతలివైపు ఉన్నాడు. పరుగున వచ్చి అతని తల చేతుల్లోకి తీసుకునేసరికి ఆ మనిషి కళ్ళల్లో వెలుగు సన్నగిల్లుతోంది.

"పాస్సావు..." అన్నాడు. "ఆదివారం... ముసలాయన్ని ఓడ ఎక్కనివ్వకు."

ఇంకో మాట రాలేదు.

* * *

"చచ్చినవాడు మన కొరియర్." బెన్నో కుర్చీలో కూర్చోక ముందే చీఫ్ కెసెన్‌బ్రోక్ మొదలుపెట్టాడు. ఆయన బెర్లిన్ మనిషి. మాటలు కత్తిరించి విసిరేవాడు. "శత్రువుల ముఠాలో మనకో ఇన్‌ఫార్మర్ ఉన్నాడు. కోడ్ నేమ్ వడ్రంగిపిట్ట. ఆడో మగో తెలిసింది ఆ కొరియర్ ఒక్కడికే. ఇప్పుడు వాడూ పోయాడు."

"ముసలాయన ఎవరు సార్?"

చీఫ్ ఒక ఫోటో తోశాడు. తెల్లటి గడ్డం, పెద్ద చెవులు, నవ్వని నోరు. డాక్టర్ లియోపోల్డ్ గ్యున్స్‌బుర్గ్. జర్మన్ రాయబార కార్యాలయాలన్నీ రహస్య సందేశాలకి వాడే సైఫర్ యంత్రం ఆయన బుర్రలోంచి పుట్టిందే.

"యుద్ధానికి ముందు ఇంగ్లండ్ పారిపోయాడు. తర్వాత తిరిగొచ్చాడు. వెనక ఎవరూ లేరు. తన ఇంటిపేరు గల మనిషి ఎక్కడున్నాడని తెలిసినా రైలెక్కి పోతాడు. అదొక్కటే పిచ్చి. దాన్నే పట్టుకున్నారు వాళ్ళు." చీఫ్ రెండో ఫోటో పెట్టాడు. నల్లటి టోపీ, పొడుగాటి మెడ, చూసినవాడు మళ్ళీ చూసే ముఖం. "పేరు మార్గోట్ గ్యున్స్‌బుర్గ్. ఒడెస్సా నుంచి వచ్చింది. ఆయన చెల్లెలు సెల్మా కూతురినని, తల్లి ఇంటిపేరే తనదని చెబుతోంది. ఆదివారం డాన్యూబ్ మీది పాస్సావు రేవులో నల్లసముద్రం దాకా పోయే వాళ్ళ ఓడ ఒకటి ఆగుతుంది. దాని మీద కాలుపెట్టాడంటే మన చట్టం ఆయన్ని ముట్టుకోలేదు."

"అరెస్టు చేయించండి."

చీఫ్ కిటికీ వైపు తిరిగాడు. "జర్మన్ పోలీసులు రేవులో ఒక ముసలి యూదుణ్ణి ఈడ్చుకుపోతున్న ఫోటో. పేపర్లలో మొదటి పేజీ. ప్రభుత్వం ఉంటుందనుకుంటున్నావా? అందుకే నిన్ను పంపుతున్నా. నువ్వయితే..."

"నేనయితే యూదుణ్ణి యూదుడే ఈడ్చుకుపోయినట్టుంటుంది."

"నేనలా అనలేదు."

"అనలేదు సార్."

బెన్నోది స్వాబియాలో, ఉల్మ్ దగ్గరి చిన్న ఊరు. కుర్రతనంలో పాలస్తీనా వెళ్ళాడు. ముప్ఫై దాటాక తిరిగొచ్చాడు. ఎందుకొచ్చావని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పేవాడు. ఏ జవాబూ అతనికే నచ్చేది కాదు.

* * *

పాస్సావులో బెన్నో ఫోటోగ్రాఫర్ వేషం వేశాడు. గళ్ళ టోపీ, అతికించిన మీసం, మెడలో పెద్ద కెమెరా. ఆ కెమెరా ఫోటోలు తీసేది, దూరాన కూర్చున్నవాళ్ళ మాటలు కూడా పట్టేది. వినడానికి చెవిలో పెసరగింజంత రిసీవర్.

శనివారం మధ్యాహ్నం హోటల్ వరండాలో డాక్టర్ గారూ ఆమే నదికి ఎదురుగా కూర్చున్నారు. ప్లమ్ పళ్ళ కేకు ఇద్దరి ముందూ అలాగే ఉంది.

"అమ్మ రేపు ఓడలోనే ఉంటుంది మామయ్యా," అంటోందామె. "దిగనివ్వరు. మనమే ఎక్కాలి. ఒక్క గంట. నిన్ను చూసి చచ్చిపోతానంటోంది."

"చావడమెందుకు? ఇన్నాళ్ళూ ఓపిక పట్టింది కదా." ముసలాయన గొంతు మెత్తగా ఉంది. "మీ అమ్మ నన్ను ముద్దుగా ఏమని పిలిచేదో చెప్పు."

"పోల్డ్‌లె అని."

ఆయన చేతిలోని చెంచా కింద పెట్టేశాడు.

"మన ఇంటిపేరు మర్చిపోవద్దని రోజూ చెప్పేది," అందామె. "మనం గ్యున్స్‌బుర్గ్ వాళ్ళం అనేది."

బెన్నో కెమెరా దించాడు. ఆ ఒక్క మాటతో అతని పని సగం అయిపోయింది.

ఆమె లేచి గదికి వెళ్ళాక బెన్నో ముసలాయన దగ్గరికి వెళ్ళి, ఫోటో కావాలా అని అడుగుతున్నట్టు వంగాడు. కార్డు చూపించాడు.

"డాక్టర్ గారూ, ఆమె మీ మేనకోడలు కాదు."

"కూర్చో నాయనా. కేకు తిను. పాడైపోతుంది."

"నేను మీ వైపువాణ్ణే. మన ఊళ్ళల్లో ఆ పేరెలా అంటారో నాకు తెలుసు. రేడియోలో వార్తలు చదివేవాడిలా పెదాలు గుండ్రంగా చుట్టి గ్యున్స్‌బుర్గ్ అని ఎవరంటారండీ? మా అమ్మ గిన్స్‌బుర్గ్ అనేది. మీ చెల్లెలూ అలాగే అనుంటుంది. ఈమె పలికింది టీచర్ నేర్పిన పలుకు. తల్లి నేర్పింది కాదు."

ముసలాయన మొదటిసారి అతని కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యం లేదు.

"రైలు దిగి ఆమె మొదటిసారి పేరు చెప్పగానే తెలిసిపోయింది," అన్నాడు. "నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నా బతుకంతా ఆ పేరు వెనకే తిరిగాను కదయ్యా."

నది వైపు చెయ్యి చాపాడు.

"ఇదే డాన్యూబ్ ఒడ్డున, పైన గ్యున్స్‌బుర్గ్ అనే ఊరుంది. మనవాళ్ళని అక్కణ్ణుంచి తరిమేశారు. పోయినచోటల్లా ఎక్కణ్ణుంచి వచ్చారంటే ఆ ఊరిపేరు చెప్పారు. అదే ఇంటిపేరయింది. కొందరు ఫ్రాంక్‌ఫర్ట్, కొందరు పోలండ్. అక్కణ్ణుంచి విల్నా, మిన్‌స్క్, పీటర్స్‌బుర్గ్, ఒడెస్సా. ఒక కొమ్మ పారిస్. ఇంకోటి బ్యూనస్ ఐరిస్. న్యూయార్క్‌లో వీధికొకడు. పలుకు మాత్రం మోసుకుపోయారు, నువ్వన్నావే, ఆ గిన్స్‌బుర్గే. రష్యాలో గడ్డకట్టే చలిలో కూడా మన స్వాబియా యాసలోనే పలుకుతారు. వాళ్ళకే తెలియదు." ఆగాడు. "ప్రపంచమంతా ఉంది ఆ పేరు. ఆ ఊళ్ళో తప్ప. పోయి తలుపు తలుపూ తట్టాను. ఒక ముసలమ్మ, ఊరిపేరే నీ పేరా, భలేగుందే అని నవ్వింది."

"మరి అన్నీ తెలిసి ఎందుకెక్కుతున్నారు?"

"పోల్డ్‌లె." ఆ మాట ఆయన చాలా నెమ్మదిగా పలికాడు. "ఆ పిలుపు సెల్మాకీ నాకూ తప్ప భూమ్మీద ఎవరికీ తెలీదు. వాళ్ళకి తెలిసిందంటే సెల్మా ఎవరికో చెప్పింది. ఎప్పుడో, ఎక్కడో, ఎవరి ముందో కూర్చుని చెప్పింది. అది ఎక్కడో తెలిసినవాడు ఆ ఓడలో ఉన్నాడు. నాకు అది చాలు."

"మీ బుర్రలో ఉన్నదంతా లాగేస్తారు."

ముసలాయన జేబులోంచి నల్లటి పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. "దీన్లో సిరా లేదు. మూత కొరికితే చాలు, క్షణం పట్టదు. ముందు సెల్మా సంగతి అడుగుతా. చెప్పాక కొరుకుతా. చెప్పకపోయినా కొరుకుతా. మీ యంత్రానికేం ఢోకా లేదని మీ వాళ్ళకి చెప్పు."

ఎదుటి మనిషి అన్ని దారులూ లెక్క చూసుకుని, అన్నీ మూసుకున్నాకే వచ్చి కూర్చున్నాడు.

* * *

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే కోట దారిలో ఒక స్త్రీ బెన్నోని ఆపింది. నల్లటి టోపీ, పొడుగాటి మెడ. సిగరెట్టుకి నిప్పు అడిగింది.

"ఈ ఊళ్ళో గడియారాలు వెనకబడి నడుస్తాయి," అంది.

అది చచ్చిపోయిన కొరియర్ కోడ్ వాక్యం. బెన్నో లైటర్ వెలిగించాడు. "మా ఊళ్ళో అసలు నడవవు. అయితే వడ్రంగిపిట్టవి నువ్వేనన్నమాట."

"ఆ మీసం ఒక పక్క ఊడుతోంది, చూసుకోండి."

ఇద్దరూ పక్కపక్కన నడిచారు. చూసేవాళ్ళకి షికారు జంటలా ఉన్నారు.

"నువ్వు ఎవరి మనిషివి?"

"వాళ్ళకి మీ సంగతులు అమ్ముతాను. మీకు వాళ్ళ సంగతులు అమ్ముతాను. అమ్మగలిగింది ఇంకేమీ లేదు నా దగ్గర." పొగ వదిలింది. "అనాథాశ్రమంలో పెరిగాను. ఎవరి పిల్లనో నాకు తెలీదు. ఎనిమిది పేర్లు పెట్టారు ఇప్పటికి. ఇదొక్కటే... ఆయన నాకోసం రోజూ కేకు తెప్పిస్తున్నాడు తెలుసా? మామయ్యా అంటే లోపలెక్కడో కుట్టినట్టుంటోంది."

"ఆయనకి నువ్వెవరో తెలుసు."

ఆమె అడుగు తడబడింది.

"సెల్మా సంగతి నీకు తెలుసా?" అడిగాడు బెన్నో.

"మావాళ్ళు ఆమె ఫైలు చదివించారు. కంఠతా పట్టించారు." తల అడ్డంగా తిప్పింది. "ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేదు. నన్ను ఇటే ఉండనివ్వమని మీ చీఫ్‌ని అడగండి. ఉండనిస్తే రేపు ఆయన్ని నేనే ఆపుతాను. ఓడ మీద మా మనిషి ఒకడుంటాడు, ఆఫీసర్ యూనిఫాంలో. చేతిలో వార్తాపత్రిక. నేను తప్పటడుగు వేస్తే వాడు చూసుకుంటాడు."

బెన్నో పోస్టాఫీసు బూత్‌లోంచి మ్యూనిక్‌కి ఫోన్ చేశాడు. చీఫ్ జవాబు ఇవ్వడానికి ఊపిరి కూడా తీసుకోలేదు.

"కుదరదు. ఆమె అక్కడుంటేనే మనకి లాభం. ఓడెక్కనివ్వు. ముసలాయన్ని మాత్రం ఆపు. ఎలాగో నాకు చెప్పకు."

బయటికొచ్చి అదే మాట ఆమెకి చెప్పాడు. చుట్టూ తిప్పి చెప్పలేదు.

"అనుకున్నా," అంది. నవ్వబోయి మానేసింది. "మీరు మంచివాళ్ళు. అబద్ధమైనా చెప్పి ఉండొచ్చు."

* * *

ఆదివారం కేథడ్రల్ గంటలు మోగుతుండగా తెల్లటి ఓడ రేవులో నిలబడి ఉంది. బెన్నో కెమెరాతో ఓడ ఎక్కే నిచ్చెన పక్కనే కాపు కాశాడు. పైన రెయిలింగ్ దగ్గర ఆఫీసర్ టోపీవాడు చుట్టిన వార్తాపత్రికతో విసురుకుంటున్నాడు. బెన్నో కోటు కింద పిస్తోలుంది, కానీ రేవంతా ప్రయాణికులు, పిల్లలు, బెలూన్లు.

ముసలాయన నల్ల సూటు వేసుకున్నాడు. పండగకి వెళ్తున్నట్టు గడ్డం దువ్వుకున్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది.

"ఫోటో సార్! జ్ఞాపకంగా ఒక్క ఫోటో!" బెన్నో అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకో నాయనా," అన్నాడు డాక్టర్. కోపం లేదు. "నన్ను వెళ్ళనీ."

"వెళ్ళనివ్వను."

"ఏం చేస్తావు, కొడతావా?"

బెన్నో చెయ్యి లేచింది. ఆ తెల్లటి గడ్డం, దువ్విన జుట్టు చూసి గాల్లోనే ఆగిపోయింది. ఆ ఆగిన క్షణంలో ముసలాయన అతన్ని దాటి నిచ్చెన మీద కాలు మోపాడు. ఒక మెట్టు. ఇంకొకటి. పైన ఓడ సైరన్ కూసింది.

అప్పుడు ఆమె ఆగింది. ఆయనకి ఎదురు తిరిగి, రెండు చేతులూ ఆయన భుజాల మీద వేసింది.

"ఎక్కకండి. సెల్మా లేదు. ఓడలో ఎవరూ లేరు."

"తెలుసమ్మా. ఎక్కడో చెప్పు."

"రీగా. నాజీలు తీసుకెళ్ళిన మొదటి చలికాలమే, ఊరి బయట అడవిలో కాల్చేశారు. ముందు రోజు పక్కమంచం ఆవిడతో మీ గురించి మాట్లాడిందట. ఆవిడ బతికి బయటపడింది. మావాళ్ళు ఆవిణ్ణి ప్రశ్నించారు. అంతే, ఇంకేమీ లేదు. ఇంకెవరికీ ఇంతకంటే తెలీదు. వెనక్కి వెళ్ళండి మామయ్యా!"

ఆయన్ని బలంగా తోసింది. పైన వార్తాపత్రిక కొస మీద చిన్న పొగ తేలింది. ఆమె ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూసి, నిచ్చెన మీంచి జారి ముసలాయన మీద పడింది. బెన్నో ఇద్దర్నీ కలిపి రేవు రాళ్ళ మీదికి లాగాడు. నిచ్చెన పైకి లేచిపోయింది.

డాక్టర్ చెయ్యి జేబులోకి వెళ్ళడం బెన్నో చూశాడు. పెన్ను మూత పళ్ళ మధ్యకి చేరింది. ఈసారి అతని చెయ్యి ఆగలేదు. దెబ్బకి పెన్ను గాల్లో గిరికీలు కొట్టి నీళ్ళలో పడింది.

"ఎందుకయ్యా?" అన్నాడు ముసలాయన, పెదవి మీద రక్తంతో. "తెలుసుకోవాల్సింది తెలిసిపోయింది కదా. ఇంక నాతో నీకేం పని?"

బెన్నో ఆయన మణికట్టు వదల్లేదు. ఓడ నీళ్ళు చిమ్ముతూ కదిలింది. రెయిలింగ్ దగ్గర ఆఫీసర్ పత్రిక విప్పి చదువుకుంటున్నాడు.

ఆమె తల ముసలాయన ఒడిలో ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన వాటిని మూశాడు.

* * *

ఆమెని పాతిపెట్టింది రెగెన్స్‌బుర్గ్ యూదుల శ్మశానంలో. పదిమంది మగవాళ్ళు కావాలి ప్రార్థనకి. వెతగ్గా ఏడుగురే దొరికారు. శ్మశానం చూసుకునే పెద్దమనిషి నసిగాడు.

"ఆమె మనమ్మాయేనని రుజువేమైనా ఉందా డాక్టర్ గారూ? అది ఆమె అసలు పేరు కాదంటున్నారు."

"ఆ పేరున్నందుకే చంపబడ్డవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు," అన్నాడు ముసలాయన. "ఈ పిల్లా ఆ పేరుతోనే చచ్చింది. ఇంతకంటే ఏం రుజువు కావాలి మీకు?"

పెద్దమనిషి గొయ్యి తవ్వేవాళ్ళకి సైగ చేశాడు. ఏడుగురితోనే ముగించారు. మట్టి వేశాక ముసలాయన ఒక్కడే వెళ్ళి దూరంగా నిలబడ్డాడు. బెన్నో వెళ్ళి ఆయన పక్కన నిలుచున్నాడు.

ఆ సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. గొంతులో హుషారు.

"శభాష్ ఎట్టింగర్! మంత్రిగారు మెచ్చుకున్నారు. సైఫర్ భద్రం, డాక్టర్ భద్రం. ఫైలు మూసేస్తున్నా. ఆ స్త్రీ పేరేం రాయను?"

"గ్యున్స్‌బుర్గ్ అని రాయండి సార్."

"సరే. స్పెల్లింగ్ ఎలా?"

"మీ ఇష్టం సార్. ఇంతవరకూ ఎవరూ మమ్మల్ని అడిగి రాయలేదు."