చిల్లు లేని కుండ

మణిసీమ రాజ్యంలో నది నీళ్ళు చేదెక్కాయి. పసిపిల్లలు పాలు తాగి కూడా ముఖం చిట్లించేవారు. ఆ నది పుట్టే నీలిమడుగు అడవి నడుమ ఉంది. అందులో అగాధుడనే రాక్షసుడు వచ్చి చేరాడు. వాణ్ణి తరిమి రమ్మని రాజు ఈత వచ్చిన కుర్రవాళ్ళందరినీ పంపించాడు. తాను మాత్రం మేడ దిగలేదు, అది వేరే సంగతి. వెళ్ళిన ప్రతివాడూ రాయిగా మారి మడుగు అడుగుకు చేరాడు.

అలా పోయినవాళ్ళలో కుమ్మరి నూకాలమ్మ కొడుకు సింగన్న కూడా ఉన్నాడు. ఊరు ఏడ్చింది, ఆ తర్వాత ఊరుకుంది. అతని చెల్లెలు పైడి మాత్రం ఊరుకోలేదు.

"అమ్మా, కుండలియ్యి. కుండ చంకన పెట్టుకునే కదా మేమిద్దరం ఏరు ఈదేవాళ్ళం. అన్నని కూడా తేల్చి తెస్తాను."

నూకాలమ్మ కూతురి ముఖం చూడలేదు. పెరట్లోకి వెళ్ళి, చాలాసేపటికి కుండలు గడ్డిలో చుట్టి ఎద్దుబండికెత్తింది.

అడవి దారిలో శీతలముని ఆశ్రమం తగిలింది. పైడి మొక్కి, సంగతంతా చెప్పింది. ముని ఒక రాయికి తాడు కట్టి ఆమె చేతికిచ్చాడు.

"బావిలోకి దించు. ఏమనిపిస్తోంది?"

"తేలికైంది స్వామీ. మంత్రమా?"

"మంత్రమేమీ లేదమ్మా. రాయి తనకు చోటు కావాలని కొంత నీటిని పక్కకు నెట్టింది. ఆ నీటి బరువెంతో అంత బలంతో నీరు రాయిని పైకి నెడుతుంది. రాయి దానికన్నా బరువు కనుక మునిగింది. గాలి నిండిన కుండ చాలా నీటిని నెడుతుంది, దాని బరువు మాత్రం కొంచెమే. అందుకే తేలుతుంది. కుండలను బోర్లించి, మెడలకు తాళ్ళు వేసి మీ అన్నకు కట్టు. కానీ త్వరపడు. మడుగు నీరు ఆ రాతి ముఖాలను అరగదీస్తోంది. ముఖం పోకముందే గాలి సోకితే మనిషి లేస్తాడు. పోయాక ఇక రాయే."

ఊపిరి నిలవడానికి, రాయిగా మారకుండా ఉండడానికి ముని ఒక వేరు ముక్క ఇచ్చాడు. అది బుగ్గన పెట్టుకుని పైడి మడుగు చేరింది. అక్కడొక ముసలి తాబేలు చప్టా అంత వీపుతో గట్టున పడుకుని ఉంది.

"తాతా, నన్ను అడుక్కి తీసుకెళ్తావా?"

"తీసుకెళ్తా గానీ, చెవులు జాగ్రత్త పిల్లా. ఎంత లోతుకి పోతే నీ మీద అంత నీరుంటుంది. ఆ నీరంతా నిన్ను అన్ని వైపుల నుంచీ నొక్కుతుంది."

తాబేలు పైడినీ, బోర్లించిన కుండలనూ మోసుకుని దిగింది. చెవుల్లో సూదులు గుచ్చినట్టయింది. రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టయింది. అడుగున రాతి మనుషులు గుంపుగా నిలబడి ఉన్నారు. కొందరికి ముక్కు లేదు, కొందరికి కళ్ళు లేవు. సింగన్న చెంప మీది పుట్టుమచ్చ ఇంకా కనబడుతోంది. పైడి అతనికి కుండలు కట్టింది. అన్న కదల్లేదు. ప్రతి కుండ అడుగు నుంచీ సన్నని బుడగల తీగ పైకి పోతోంది. చూస్తుండగానే గాలంతా పోయి, కుండలు నీళ్ళు నిండి వాలిపోయాయి.

చీకట్లోంచి అగాధుడు నవ్వాడు. "చచ్చినవాడి పేరు చెప్పి అడిగితే మీ కుమ్మర్లు చిల్లు పెట్టకుండా కుండ ఇవ్వరు కదా! నేను చంపలేదు పిల్లా. మీ అమ్మే చంపేసింది."

పైడి ఏడుస్తూ, కుండలు విప్పుకుని తాబేలుతో పైకి తేలింది. ఉన్న ఒక్క కూతురూ ఏమైపోతుందోనన్న భయంతో వెనకే నడిచి వచ్చిన నూకాలమ్మ గట్టున నిలబడి ఉంది.

"మేకుతో పొడిచావా అమ్మా?"

"పొడిచాను. పోయినవాడికి చిల్లు లేని కుండ ఇస్తే వాడు పైలోకానికి పోకుండా దాన్ని పట్టుకుని వేలాడతాడంటారు."

"పోలేదమ్మా! పుట్టుమచ్చ చూసొచ్చాను. మట్టి తియ్యి, మంచి కుండలు చెయ్యి."

"చెయ్యనే. చేస్తే ఆశ పుడుతుంది. మళ్ళీ వాడు రాకపోతే నేను తట్టుకోలేను. నాకు ఆశ వద్దు."

పైడి చిల్లులకు గట్టున ఉన్న బంకమట్టి మెత్తి మళ్ళీ దిగింది. పచ్చిమట్టి నీళ్ళలో కరిగిపోయింది. ఇంకోసారి దిగింది. ముక్కులోంచి రక్తం కారుతుండగా పైకి వచ్చి, బురదలో బోర్లా పడి అంది. "అమ్మా, పుట్టుమచ్చ కనిపించట్లేదు."

నూకాలమ్మ చాలాసేపు కూతురి వీపు నిమురుతూ కూర్చుంది. తర్వాత చీర చెంగు దోపుకుని మట్టి తవ్వింది. తిప్పడానికి సారె లేదు, చేత్తోనే తట్టి కుండలు చేసింది. చేసినంతసేపూ ఏడ్చింది. గట్టునే ఆరబెట్టి, ఎండుకట్టెలు పేర్చి ఆవం కాల్చింది. చల్లారాక ఒక్కొక్క కుండనూ నీళ్ళలో బోర్లించి నొక్కి చూసింది. ఒక్క బుడగా రాలేదు.

"మొన్నటికన్నా ఎక్కువే చేశాను. సగం గాలి అక్కడ నలిగిపోతుందేమోనని," అంది తలెత్తకుండా.

పైడి తాబేలు మీద మళ్ళీ దిగింది. నిజంగానే అడుగున నీరు కుండల్లోకి ఎగదన్ని గాలిని నొక్కేసింది. కానీ కుండలు ఎక్కువున్నాయి. చివరి ముడి పడగానే సింగన్న పాదాల కింద బురద రేగింది. అగాధుడు కాళ్ళు పట్టి లాగాడు. ఒక్క బెత్తెడు లేచిన రాయి అక్కడే ఆగింది. పైడి తాడుకు వేలాడి కళ్ళు మూసుకుంది. తాబేలు తాత రాక్షసుడి మణికట్టు కొరికింది. పట్టు వదిలింది. పైకి వెళ్ళే కొద్దీ నీటి నొక్కుడు తగ్గి కుండల్లో గాలి ఉబ్బింది. గాలి ఉబ్బిన కొద్దీ వేగం పెరిగింది. కుండలన్నీ ఒక్కసారిగా నీళ్ళు చీల్చుకుని బయటపడ్డాయి.

రాతి చెంపలకు గాలి తగిలింది. ఏమీ జరగలేదు. నూకాలమ్మ మెడలోతు నీళ్ళలోకి వచ్చి, అరిగిపోయిన ఆ ముఖాన్ని రెండు చేతులా పట్టుకుంది. అప్పుడు రాయి పగిలింది.

"చలేస్తోందమ్మా," అన్నాడు సింగన్న. చెంప మీద పుట్టుమచ్చ లేదు. అది మళ్ళీ రాలేదు కూడా.

ఒక్కడు బయటపడేసరికి నదిలో చేదు ఆవగింజంత తగ్గింది. అది రుచి చూసిన ఊళ్ళ నుంచి తల్లులు అడవి దారి పట్టారు. అడుగున ఎవరి ముఖం మిగిలిందో, ఎవరిది అరిగిపోయిందో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. అయినా మడుగు గట్టున కూర్చుని, నూకాలమ్మ చూపించినట్టే, చిల్లు లేని కుండలు చేయడం మొదలుపెట్టారు.