ఇంకొంచెం ఉప్పు

మధ్యాహ్నం పన్నెండు దాటింది. తెనాలి స్టేషన్ ఎదురు వీధిలో, బట్టల కొట్టు మీది గదిలో కరెంటు లేదు. దేశ రహస్యాలు మాట్లాడుకునే చోటు కాబట్టి కిటికీలు కూడా మూసేశారు. ఇంటెలిజెన్స్ ఆఫీసర్ కృపారావు ఒక ఫొటోతో విసురుకుని, కాసేపటికి ఆ ఫొటోనే బల్లమీద పెట్టాడు.

"ఇవాళ్టి నుంచి నీ పేరు సోమ్‌చాయ్. థాయిలాండ్. రొయ్యల చెరువుల టెక్నీషియన్."

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ తంగా ఫొటో చూశాడు. "మా ఇద్దరికీ పోలికే లేదు సార్."

"నాకూ కనబడలేదు. ఊళ్ళో ఎవరూ అంత పట్టి చూడర్లే."

తంగా ఫొటోని పక్కకి జరిపాడు. అతనిది మిజోరం. తండ్రి మిలిటరీ ఉద్యోగం పుణ్యమా అని పెరిగింది సికింద్రాబాద్‌లో, తిట్లతో సహా తెలుగు నేర్చుకున్నది అక్కడే. పుట్టినప్పటి నుంచీ మనది ఏ దేశం బాబూ అని అడిగేవాళ్ళకి ఇండియానే అని చెప్పుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఇండియా ప్రభుత్వమే కాదని చెప్పమంటోంది. బాధగానే ఉంది, కానీ ఈ ఉద్యోగంలో బాధకి లీవు ఇవ్వరు.

"అసలు సోమ్‌చాయ్ పది రోజుల క్రితం చెన్నై ఎయిర్‌పోర్టులో మనకి దొరికాడు," అన్నాడు కృపారావు. "వెనక విదేశీ ముఠా ఉంది. వేలెడంత గాజు సీసాలో కొత్తరకం వైరస్. పెనుమూడి దగ్గర కాలువలో అది కలిస్తే, ఆ నీళ్ళు తోడుకునే రొయ్యల చెరువులన్నీ వారంలో పోతాయి."

"సీసా ఎవరు తెస్తారు?"

"అదే తెలీదు. ఎవరో వచ్చి నిన్ను 'ఉప్పు సరిపోయిందా' అని అడుగుతారు. నువ్వు 'ఇంకొంచెం కావాలి' అనాలి. సోమ్‌చాయ్‌కి నేర్పిన తెలుగు అంతే. నీకూ అంతే వచ్చు. ఇంకో మాట నీ నోట్లోంచి వచ్చిందా, మిషన్ పోయినట్టే."

ఒక వాచీ కూడా ఇచ్చాడు. పక్కనున్న బటన్ నొక్కితే నాలుగు నిమిషాల్లో జీపు వస్తుందట.

అప్పుడు తలుపు తోసుకుని గౌతమి వచ్చింది. నలగని తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు, మే నెల ఎండలో నడిచొచ్చినా చెమట పట్టని ముఖం. మూడేళ్ళు ఆ ముఠాలో ఉంటూ మనకి సమాచారం చేరవేసిన డబుల్ ఏజెంట్. ఆ కోడ్ మాట తెచ్చింది కూడా ఆవిడే.

"పుట్టి పెరిగింది బాపట్లండి," అంది నవ్వుతూ. "మీకు ఇంటర్‌ప్రెటర్‌ని. మీ తరఫున నేనే మాట్లాడతాను."

తనకి బాగా వచ్చిన భాషకి తనే ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టుకోవాల్సి వచ్చినందుకు తంగా మర్యాదగా తల ఊపాడు.

మర్నాడు బాపట్లలో ఒక ఆఫీసుకి వెళ్ళి, పరాయి దేశస్థుడు నింపాల్సిన ఫారం నింపాడు. పుట్టిన ఊరి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. తరవాత, జీవితంలో చూడని ఊరి పేరు రాశాడు.

రేపల్లెలో ఇల్లు దొరికింది. కింద ఓనర్లు కనకరత్నం, వీరబాబు. పైన రెండు గదులు. కనకరత్నం ఇంట్లోనే పచ్చళ్ళు, కారప్పొళ్ళు చేసి అమ్ముతుంది. వీధంతా ఆవిడని పిన్ని అంటుంది. వీరబాబుకి పెనుమూడి దారిలో మూడెకరాల రొయ్యల చెరువుంది.

సామాను దించగానే వీధి వీధంతా వచ్చింది. తంగా ముందే నిలబడి తంగా గురించి మాట్లాడుకున్నారు.

"పాపం, ఎంత దూరం నుంచి వచ్చాడో."

"కప్పలు తింటాడేమో పిన్నీ, అడిగావా?"

"ఏది తింటే మనకేంటే. మనిషి నెమ్మదిగా ఉన్నాడు."

అన్నీ అర్థమవుతున్నాయి. ఒక్కదానికీ బదులు చెప్పడానికి లేదు, ఇంటర్‌ప్రెటర్ వచ్చేది వారానికోసారే. గ్యాస్ బండ కావాలంటే చేతులతో బండంత గుండ్రం చుట్టి చూపించాలి. దాన్ని చూసి పక్కింటావిడ గుమ్మడికాయ తెచ్చిచ్చింది. నీళ్ళ టిన్ను కోసం సైగ చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. మూడు దేశాల్లో పనిచేసి, ఒక రాయబారిని కాపాడిన మనిషి, రేపల్లెలో ఒక అగ్గిపెట్టె కొనుక్కోవడానికి ఇరవై నిమిషాలు తీసుకున్నాడు. ఆ సాయంత్రం గదిలో కూర్చుని, ఊళ్ళో తప్పిపోయిన పిల్లాడిలా ఉన్నానని తనలో తనే ఒప్పుకున్నాడు.

మొదటి రోజు భోజనం కనకరత్నమే పెట్టింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే అడిగింది.

"ఉప్పు సరిపోయిందా బాబూ?"

తంగా ఆవిడని ఎగాదిగా చూశాడు. ఇంత తొందరగానా? ఈవిడా?

"ఇంకొంచెం కావాలి," అన్నాడు, చెయ్యి చాచి.

కనకరత్నం ఉప్పు డబ్బా తెచ్చింది. అతను అందుకోబోతే చటుక్కున వెనక్కి లాక్కుంది. డబ్బా నేలమీద పెట్టి, తీసుకోమని వేలితో చూపించింది.

"ఉప్పు చేతికి చేతికి ఇవ్వకూడదు నాయనా. గొడవలొస్తాయి," అని, అతనికి అర్థం కాదని గుర్తొచ్చి, "నీకెలా చెప్పను," అంటూ లోపలికి పోయింది. డబ్బాలో ఉప్పు తప్ప ఏమీ లేదు. తంగా అడుగు దాకా వెతికాడు.

మర్నాడు మెస్సులో సర్వరు అదే మాట అడిగాడు. ఆ మర్నాడు గుమ్మడికాయావిడ కూర పంపించి, గోడమీంచి కేకేసి అడిగింది. వారం తిరిగేసరికి తంగాకి విషయం తెలిసింది. ఈ ప్రాంతంలో అన్నం పెట్టే ప్రతి చెయ్యీ ఆ మాట అడుగుతుంది. అందరూ అనుమానితులే. ఎవరు నిజమో తెలియదు కాబట్టి ప్రతిసారీ ఇంకొంచెం కావాలనే చెప్పాలి. చెప్పాక ఆ ఉప్పు కలుపుకుని తినాలి.

"ఓపిక పట్టండి," అనేది గౌతమి, వారానికోసారి వచ్చి రిపోర్టు రాసుకుంటూ. "కొరియర్ తప్పకుండా వస్తాడు."

కొరియర్ రాలేదు. రెండు నెలల్లో తంగాకి బీపీ వచ్చింది. డబ్బా ఎవరు తెచ్చినా చెయ్యి చాచకుండా, అది కిందకి దిగేదాకా ఆగడం వచ్చింది. అంతకుమించి మిషన్‌లో ప్రోగ్రెస్ లేదు.

ఒక సాయంత్రం వీరబాబు అతన్ని చెరువు గట్టుకి తీసుకెళ్ళాడు. సిమెంటు తూము మీద కూర్చున్నారు. చెరువుకి గాలి పట్టే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. వీరబాబు మాట్లాడ్డం మొదలుపెట్టాడు. వినేవాడికి భాష రాదు కనకే మాట్లాడగలిగాడు.

"పోయినసారి తెల్లమచ్చ రోగమొచ్చి మొత్తం పోయిందండి సోమ్ గారు. పొద్దున్నే వచ్చి చూస్తే గట్టెమ్మట చచ్చిన రొయ్యే. మా ఆవిడకి చెప్పడానికి ఇంటికెళ్ళలేకపోయానండి. ఇక్కడే, ఇదే తూము మీద, పొద్దుగూకే దాకా కూర్చున్నా. ఈసారి కూడా పోతే నేను మళ్ళీ ఇంటికెళ్ళనండి. ఎవరికీ చెప్పలేదీ మాట. మీకు తెలీదు కదా అని."

తంగా నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. అలా అనకండి, ఆ సీసా రానివ్వను అని ఒక్క మాట చెబితే ఈ మనిషికి ఎంత బలమో. చెప్పకూడదు. తన ఉద్యోగం మీద అతనికి ఎప్పుడూ లేనంత కోపం వచ్చింది. వీరబాబు భుజం మీద చెయ్యి మాత్రం వేశాడు.

ఆదివారం కాలువకి నీళ్ళొచ్చాయి. రైతులందరూ ఒకేసారి మోటార్లు వేసే రోజు. సీసా కలపాలంటే దీన్ని మించిన ముహూర్తం లేదు. కొరియర్ ఇవాళ రాకపోతే ఇక రాడు. తంగా పొద్దుటి నుంచీ గట్టుమీద వచ్చేపోయే ప్రతి మనిషినీ చూస్తున్నాడు. గౌతమి కూడా కారులో వచ్చింది, చేతిలో నీలం రంగు ఫ్లాస్కుతో.

కనకరత్నం గట్టుమీదే చాప పరిచి అన్నాలు వడ్డించింది. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, చివర్లో మజ్జిగ.

"ఆ ఉప్పు ఇటివ్వమ్మా," అంది గౌతమితో.

గౌతమి డబ్బా తీసి, కనకరత్నం చేతికి అందించబోయింది. కనకరత్నం చెయ్యి చాచలేదు.

"కింద పెట్టమ్మా."

"పర్లేదు, తీసుకోండి ఆంటీ," అంటూ గౌతమి నవ్వుతూ డబ్బాని ఇంకాస్త ముందుకి జరిపింది. ఎందుకు తీసుకోవడం లేదో ఆమెకి అర్థం కాలేదు. ఆ అయోమయం తంగాకి తెలుసు. మొదటి రోజు డబ్బా వెనక్కి లాక్కున్నప్పుడు అతని ముఖంలో ఉన్నది అదే.

ఈవిడ బాపట్లలో పుట్టలేదు. పెరగలేదు. నాలాంటిదే. ఎక్కడో భాష నేర్పించి పంపించారు, ఉప్పు సంగతి నేర్పడం మరిచిపోయారు.

తరవాతిది దానంతటదే తట్టింది. ఇంత ఎండలో ఈవిడ వీరబాబు టిన్నులో నీళ్ళు తాగింది కానీ తన ఫ్లాస్కు మూత తియ్యలేదు. అందులో ఉన్నది తాగే నీళ్ళు కావు. ఈవిడ తెచ్చిన కోడ్ మాట నమ్మి, కొరియర్ వస్తాడని అందరం గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాం. కొరియర్ మన విస్తరి పక్కనే భోంచేస్తోంది.

"చెయ్యి కడుక్కుని వస్తా," అని గౌతమి లేచింది. ఎడమ చేత్తో ఫ్లాస్కు తీసుకుని కాలువ మెట్ల వైపు నడిచింది.

"ఆ మెట్టు జారుద్దమ్మా, ఉండు," అంటూ కనకరత్నం వెనకే వెళ్ళింది.

తంగా బటన్ నొక్కాడు. నాలుగు నిమిషాలు. గౌతమికి ఇరవై అడుగులు చాలు. లేచి ఉరకబోయాడు. లేవలేకపోయాడు. గంట సేపు బాసింపట్టు వేసుకుని కూర్చున్న కాళ్ళు తిమ్మిరెక్కి, అతనివి కానట్టు పడి ఉన్నాయి. మోకాళ్ళ మీద పాకబోయి పప్పు గిన్నెలో చెయ్యి పెట్టాడు.

ఇక అతని దగ్గర మిగిలింది నోరొక్కటే.

"పిన్నీ! ఆ ఫ్లాస్కు పట్టుకోండి! అది కాలువలో పడితే చెరువులన్నీ చస్తాయి!"

వీరబాబు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "సోమ్ గారూ, మీకు తెలుగొచ్చా?"

మూత ఊడింది. గౌతమి వేళ్ళ మధ్య గాజు సీసా మెరిసింది. చెయ్యి నీళ్ళ మీదికి చాచింది. అంతలో, ముప్ఫై ఏళ్ళుగా రోట్లో పచ్చళ్ళు నూరిన చెయ్యి ఒకటి ఆ మణికట్టుని పట్టుకుంది.

"వదులు. వేలు విరుగుద్ది," అంది కనకరత్నం.

వేలు విరగకుండానే గౌతమి వదిలింది. కనకరత్నం ఆ సీసాని, తాళంచెవి కట్టుకున్నట్టు, కొంగున ముడేసి నడుం దగ్గర దోపుకుంది. వీరబాబు పరిగెత్తుకొచ్చి గౌతమి రెండో చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడుగానీ తంగా కాళ్ళు అతని మాట వినలేదు.

నాలుగు నిమిషాల జీపు ఇరవై రెండు నిమిషాలకి వచ్చింది. గట్టు దారిలో గడ్డి ట్రాక్టరు అడ్డమట. కృపారావు చెమటలు కక్కుతూ దిగి, సీసా అందుకోబోయాడు. కనకరత్నం దాన్ని కింద పెట్టి, తీసుకోమంది. అటువంటివి కూడా చేతికివ్వడం మంచిది కాదంది.

"నన్నెలా పట్టావు?" అని గౌతమి జీపెక్కుతూ తంగాని అడిగింది.

"నేనూ మొదట్లో అలాగే చెయ్యి చాచాను," అన్నాడు తంగా. ఆమెని చూస్తే అతనికి కోపం రావాల్సినంత రాలేదు.

జీపు వెళ్ళాక ముగ్గురూ మళ్ళీ చాప మీద కూర్చున్నారు. తంగా తల దించుకుని, "అబద్ధం చెప్పి మీ ఇంట్లో ఉన్నాను పిన్నీ," అన్నాడు.

"నీకు తెలుగొచ్చని నాకెప్పుడో తెలుసులే. ఆ సాయంత్రం చెరువు దగ్గరికి మీకు టీ పట్టుకొచ్చి, కాస్త అవతలే ఆగిపోయాను. ఈయన చెరువు సంగతి చెప్తున్నారు. నీ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. రాని భాషకి ఎవరేడుస్తారు నాయనా?"

వీరబాబు ఉలిక్కిపడి భార్య వైపు చూశాడు. ఎవరికీ తెలియదనుకున్న మాట ఇద్దరికీ తెలుసు. ఆవిడ అతని వైపు చూడకుండా, అతని విస్తట్లో ఇంకో గరిటె అన్నం పెట్టింది.

"మరి అడగలేదేంటి పిన్నీ?"

"చెప్పుకోలేని ఇబ్బందేదో ఉండుంటుందిలే అని."

వీరబాబు తంగా వైపు తిరిగాడు. "అయితే మీ సొంతూరు ఏంటండి?"

"ఐజాల్ బాబాయ్. మిజోరం."

"అది థాయిలాండ్ పక్కనా అండి?"

"ఇండియానే."

వీరబాబు అతని ముఖం ఒకసారి పట్టి చూశాడు. "అలాగేలెండి," అన్నాడు, ఆఫీసు రహస్యం ఇంకా కొంత మిగిలుందని అర్థం చేసుకున్నవాడిలా.

తంగా నవ్వాడు. ముద్ద కలుపుకున్నాడు. రెండు నెలల అలవాటు ఎక్కడికి పోతుంది, కనకరత్నం అడగనే అడిగింది.

"ఉప్పు సరిపోయిందా?"

"ఎక్కువైంది పిన్నీ," అన్నాడు ఏజెంట్ తంగా. "రెండు నెలల నుంచీ."