మీటరు చెప్పని కిలోమీటర్లు

రాజమండ్రిలో డిటెక్టివ్ దుర్గాశ్రీ ఆఫీసుకి ఆ ఉదయం వచ్చిన ఆడమనిషి నెత్తి మీద ఎండుచేపల గంప ఉంది. దింపుకోలేక అవస్థ పడుతుంటే అసిస్టెంటు అచ్చిబాబు లేచి చెయ్యేశాడు. ఆమె అతని చేతుల వంక చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మా ఊళ్ళో నా గంప మీద చెయ్యేసేవోళ్ళు లేరండి. ఇరవై రోజులైందండి. గోడ మీద పెట్టుకుని, వంగి నెత్తికెత్తుకుంటన్నాను."

ఆమె పేరు సత్యకుమారి. సముద్రం ఒడ్డున చినమట్లపాలెం అనే చేపలవాళ్ళ ఊరు. ఆ ఊరి రోగుల్ని ఆసుపత్రికి చేర్చడానికి ఒక ట్రస్టు వాళ్ళ ఫోర్‌వీల్ జీపు ఉంది. దాన్ని నడిపేది ఆమె భర్త బుల్లియ్య. ఇరవై రోజుల కిందట, పొద్దున్న పదింటికి, నొప్పులు పడుతున్న లక్ష్మి అనే అమ్మాయిని తీసుకెళ్తుంటే జీపు ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్ల ముందు డీజిలైపోయి ఆగిపోయింది. బుల్లియ్య ఆమెను భుజాన వేసుకుని పరుగెత్తాడు. ఆటో దొరికేసరికి ఆలస్యమైంది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు.

డీజిల్ ఏమైందని ఊరంతా అడిగింది. బుల్లియ్య తన బావమరిది ఇంజను పడవకి అమ్మేశాడని ట్రస్టు ఛైర్మన్ చంద్రరావు చెప్పాడు. ఊరు నమ్మింది. సోమవారం పెద్దలు కూర్చుని వాళ్ళని ఊళ్ళోంచి పొమ్మంటారు. ఆ తర్వాత పోలీసు కేసు.

కోర్టులో ముప్పై ఏళ్ళు టైపు కొట్టి రిటైరైన అచ్చిబాబు అబద్ధాలు చాలానే విన్నాడు. ఈవిడ మాటల్లో అతనికి ఒక్కటీ తగల్లేదు. దుర్గాశ్రీ మాత్రం ఒక్కటే అడిగింది: జీపు ఇప్పుడెక్కడుంది?

మర్నాడు ఇద్దరూ చినమట్లపాలెం వెళ్ళారు. తుఫాను షెల్టర్ పక్కనే ఉంది జీపు. ఎక్కబోయి అచ్చిబాబు మోకాలు పట్టుకున్నాడు. ఎక్కే మెట్టు అంత ఎత్తుంది. టైర్లు లావుగా, పళ్ళు పళ్ళుగా, బురదలోకి దిగే ట్రాక్టరు చక్రాల్లా ఉన్నాయి. బుల్లియ్య దాన్ని తారురోడ్డు మీద కాస్త నడిపి చూపిస్తే, ఆ హోరుకి పక్కనున్న మనిషి మాట వినబడలేదు.

బుల్లియ్య చిక్కి సగమయ్యాడు. అడిగినదానికే జవాబిచ్చాడు. వారం మొదట్లో ట్యాంకు ఇరవై లీటర్లకి నింపుతారు. లీటరుకి పదమూడు కిలోమీటర్ల లెక్కన నాలుగు ట్రిప్పులకి సరిపోతుంది. డీజిల్ ముల్లు పనిచేయదని లాగ్‌బుక్కులో మూడుసార్లు రాశాడు, ఎవరూ పట్టించుకోలేదు. అందుకని డీజిల్ పోసిన రోజున మీటరు సున్నాకి తిప్పి, అది చూసుకునే నడుపుతాడు.

"ఆ రోజు మీటరు నూట తొంభై ఆరు చూపించిందండి. రెండొందల అరవై దాకా ఢోకా లేదనుకున్నానండి."

"అంతకుముందు వారాల్లో ఎప్పుడూ ఆగలేదా?"

"మూడు ట్రిప్పులు మించి పడలేదండి. ఆ వారమే నాలుగోది పడింది."

దుర్గాశ్రీ లాగ్‌బుక్కు తిరగేసింది. ఊరి నుంచి ఆసుపత్రికి పోయి వచ్చిన దూరం మొదటి నాలుగు నెలలూ అరవై రెండు. తర్వాత రెండు నెలలూ యాభై ఏడు.

"దారి మార్చారా?"

"ఇంకో దారెక్కడుందండి? ఒక కిలోమీటరు ఇసుక, మిగతా ముప్పై తారురోడ్డు. మా తాతలనాడూ అదే దారండి."

ఆమె జీపు పెట్టెలోంచి ఒక కార్డు తీసి సంచిలో వేసుకుంది. అదేంటమ్మా అని అచ్చిబాబు అడిగితే, టైర్ల గ్యారంటీ కార్డు బాబాయిగారూ, అని మాత్రం అంది.

చంద్రరావు రొయ్యల చెరువుల ఆసామి. అతని హాల్లో రెండు ఫొటోలున్నాయి. ఒకటి ఆర్నెల్ల కిందటి ప్రారంభోత్సవం: పాత జీపుకి కొత్త టైర్లు, నున్నటివి, ఊరివాళ్ళు పడవకింతని చందా వేసుకుని కొన్నవి. రెండోది రెండు నెలల కిందటిది: ఇసుకలో దిగబడని టైర్లు దానం చేసినందుకు చంద్రరావుకి శాలువా. వెనక జీపు, పళ్ళ టైర్లతో.

డ్రైవరు దొంగతనాన్ని చంద్రరావు వేళ్ళ మీద లెక్కగట్టి చెప్పాడు. మీటరు ప్రకారం తిరిగింది నూట తొంభై ఆరు. దానికి పదిహేను లీటర్లు చాలు. మిగతా ఐదూ పడవలోకి పోయాయి.

"నాదీ అదే మోడలు బండేనమ్మా. పదమూడుకి తగ్గదు. రెండు నెలల కిందట పది కూడా ఇవ్వకపోతే సరిచేయించుకున్నాను."

"ఏం సరిచేయించారండి?"

"మెకానిక్ చూసుకున్నాడు," అంటూ చంద్రరావు కాఫీ తెమ్మని లోపలికి కేకేశాడు.

బయట చంద్రరావు జీపు పక్కన దుర్గాశ్రీ చెప్పు సరిచేసుకుంటున్నట్టు కాసేపు వంగి కూర్చుంది. లేచాక, ఆ మెకానిక్ ఎక్కడుంటాడో కనుక్కోమని అచ్చిబాబుతో అంది.

సోమవారం తుఫాను షెల్టర్లో ఊరంతా చేరింది. ఎస్సై వచ్చాడు. చంద్రరావు కుర్చీలో, బుల్లియ్య దంపతులు గుమ్మం దగ్గర నేల మీద. ఒక మూల లక్ష్మి, ఆమె భర్త సురేంద్ర.

దుర్గాశ్రీ లాగ్‌బుక్కు తెరిచి చూపించింది.

"దారి మారలేదు, దూరం తగ్గింది. రోడ్డు కుంచించుకుపోదు కదండీ. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకీ ఎక్కువ దూరం పోతుంది. మీటరు చుట్లనే లెక్కపెడుతుంది కాబట్టి తక్కువ చూపిస్తుంది. ఆ రోజు బండి తిరిగింది నూట తొంభై ఆరు కాదు, రెండొందల పదమూడు. పైగా ఈ టైర్లు బరువు. ఆ పళ్ళు ఇసుకలో పట్టునిస్తాయి గానీ తారు మీద బండిని వెనక్కి లాగుతాయి, డీజిల్ తాగేస్తాయి. ఒక కిలోమీటరు ఇసుక కోసం ముప్పై కిలోమీటర్లు ఆ లాగుడే. పదమూడు ఇచ్చే బండి పదకొండు కూడా ఇవ్వలేదు. ఇరవై లీటర్లూ రోడ్డు మీదే అయిపోయాయి. పడవలోకి చుక్క పోలేదు."

షెల్టర్లో గుసగుసలు లేచాయి. మంచి చేయబోతే ఇలా జరిగింది, నాకేం తెలుసమ్మా, అన్నాడు చంద్రరావు.

"తెలుసండి. పది కూడా ఇవ్వని మీ బండి రాత్రికి రాత్రి పదమూడు ఎలా ఇచ్చింది? ఈ కార్డు మీద ఊరివాళ్ళు కొన్న నాలుగు టైర్ల నంబర్లున్నాయి. ఎస్సైగారూ, బయట ఆయన జీపుకున్న టైర్లు చూడండి."

ఎస్సై వెళ్ళి, ఒక్కో చక్రం దగ్గరా వంగి చూసి వచ్చాడు. నాలుగూ అవేనన్నాడు.

"మెకానిక్‌ని నిన్న కలిశాను. మైలేజీ తినేస్తున్నది టైర్లేనని ఆయన ఈయనకి చెప్పాడు. చెప్పిన మర్నాడే ఊరి టైర్లు ఈయన బండికెక్కాయి, ఈయన వదిలించుకున్నవి ఊరి బండికి దానంగా వచ్చాయి. ఇవి ఎంత తాగుతాయో తెలిసీ డీజిల్ మాత్రం ఆ ఇరవై లీటర్లే పోయించారు. బండి ఆగిపోతే డ్రైవర్ని దొంగన్నారు."

చంద్రరావు చెమట తుడుచుకున్నాడు. "ఇప్పుడేమైందమ్మా. టైర్లే కదా, తిరిగిచ్చేస్తాను."

అచ్చిబాబు ఇన్నేళ్ళలో ఏ కేసులోనూ నోరు విప్పలేదు. ఇప్పుడు ఒళ్ళు మండిపోయింది.

"టైర్లే కదా అంటారేంటండీ? ఆ మూల కూర్చున్న తల్లి వంక చూసి అనండి ఆ మాట. శాలువా కప్పుకున్న రోజున గుర్తుకురాలేదా, ఈ బండిలో ఎక్కేది ఎవరో?"

చంద్రరావు ఆ మూలకి చూడలేకపోయాడు. ఎస్సై అతన్ని లేవమన్నాడు. జనం దారిచ్చారు గానీ ఒక్కరూ నమస్కారం పెట్టలేదు.

ఊరిపెద్దలు బుల్లియ్య ముందు తలలు దించుకుని కూర్చున్నారు. అతను మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. సత్యకుమారి కాసేపు అతని వీపు మీద చెయ్యి ఉంచి, సంత వేళ దాటిపోతోందని లేచింది. గుమ్మం పక్కన దింపిన గంపని అలవాటుగా పిట్టగోడ మీదకి లాక్కుని, దాని కిందకి వంగింది.

లక్ష్మి మూలలోంచి లేచింది. ఇంకా నీరసంగానే ఉంది, సురేంద్ర పట్టుకోబోతే వద్దంది. మెల్లగా నడిచి వచ్చి, గంపకి అటువైపు చెయ్యేసింది.

"లే, అక్కా," అంది.

ఇద్దరూ కలిసి గంపని పైకెత్తారు.