మోగని బజర్

"సృజన ఎదురుపడితే?" అని అడిగాడు నాగేందర్.

"ఆమె ఎవరో నీకు తెలియదు," అన్నాడు చీఫ్. "నో కాంటాక్ట్. పలకరించావని తెలిస్తే వెనక్కి పిలిపిస్తాను."

ఢిల్లీలో బ్రీఫింగ్ అంతటితో ముగిసింది. టార్గెట్, రోలాండ్. పైకి స్పోర్ట్స్ ఏజెంట్. లోపల, మనుషుల్ని లేపేసే విదేశీ ముఠాకు నాయకుడు. వాడి గురి ఈసారి సౌదీ వెళ్తున్న మన చమురు బృందం మీద. ఆ ముఠాలోకి మన తరఫున దూరిన అందగత్తె సృజన. ఆర్నెల్లుగా ఆమె నుంచి రిపోర్టు లేదు. అమ్ముడుపోయిందని తేల్చేశారు. సౌదీ కొండల్లోని అభా ఊళ్లో భార్యాభర్తల వేషంలో ఒక చలికాలమంతా ఆమెతో గడిపిన నాగేందర్‌కు ఆ మాట గొంతు దిగలేదు. మిషన్ అయ్యాక ఆమె వేషం తీసేసింది. అతని వల్ల కాలేదు.

సౌదీలోని అల్ ఖోబర్‌లో, విదేశీయులుండే కాంపౌండ్ జిమ్‌లో నాగేందర్ క్లీనర్‌గా చేరాడు. మాపు కర్రలో వైర్ కట్టర్. ఆట ఆగినప్పుడల్లా కోర్టు మీద చెమట తుడవడం డ్యూటీ.

"అన్నా, మన కంపెనీ రెడ్‌ల వడ్డదంట," అన్నాడు తోటి క్లీనర్ హన్మాండ్లు. సౌదీవాళ్లకు చాలినన్ని ఉద్యోగాలివ్వని కంపెనీలను ఎర్ర జాబితాలో పెట్టే నితాఖత్ చట్టం దెబ్బకు క్యాంపంతా అదే గుబులు. "ఇగ ఇకామా రెన్యువల్ కాదు, ఈడ ఉండనియ్యరు. ఆ పొడుగాయనకు సుత మనలెక్కనే తాళమేసిన్రంట గదా?"

పొడుగాయన డారెల్, అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు. అక్కడ ఓనర్లకూ ఆటగాళ్లకూ ఒప్పందం కుదరక లీగ్ మొత్తానికి లాకౌట్ ప్రకటించారు. జీతం లేదు, ప్రాక్టీస్ జిమ్‌కు తాళం, టీమ్ వెబ్‌సైట్‌లోంచి ఫొటో కూడా మాయం. రోలాండ్ అతన్ని ఇక్కడికి పట్టుకొచ్చాడు. స్టార్ ఉంటే జనం వస్తారు, జనంలో వాడి పని తేలిక.

"మోకాలు వాచింది," అన్నాడు డారెల్ ఇంగ్లీషులో, ఐసు గడ్డలు అదుముకుంటూ. "మా టీమ్ డాక్టర్‌ది మా వీధే. సూపర్‌మార్కెట్‌లో నన్ను చూసి తల తిప్పుకున్నాడు. లాకౌట్‌లో ఆటగాడితో మాట్లాడితే టీమ్‌కు జరిమానా. తొమ్మిదేళ్లు నా కాళ్లు చూసిన మనిషి!"

నాగేందర్ కింద కారిన ఐసు నీళ్లు తుడుస్తున్నాడు.

"క్లినిక్ నర్సు వస్తే నువ్వూ అలాగే తిప్పుకుంటావు. నీకేం జరిమానా?"

రోలాండ్ ముఠా తరఫున ఆ నర్సు వేషంలో ఉన్నది సృజనే. అంతకుముందు రోజే వాటర్ కూలర్ దగ్గర దారికి అడ్డంగా నిలబడింది.

"ఒక్క మాట వింటావా? తర్వాత నీ ఇష్టం. నేను మారిపోలేదు. రిపోర్టు పంపే దారి రోలాండ్ వాళ్లు మూసేశారంతే."

నాగేందర్ మాపు పిండుకుని వెళ్లిపోయాడు. వెనక ఆమె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి ఉందని తెలుసు. తిరిగి చూస్తే ఆగలేనని కూడా తెలుసు.

మ్యాచ్ రోజు. ముందు వరసలో చమురు బృందం. చివరి క్వార్టర్ మొదట్లో డారెల్ మోకాలికి టేప్ వేయించుకోవడానికి క్లినిక్‌కు వెళ్లి, ఆట చివరి నిమిషంలో కుంటుతూ వచ్చాడు. రోలాండ్ లేచి బయటికి నడిచాడు.

"ఇక్కడ తడిగా ఉంది," అని బెంచీ దగ్గర నుంచి పిలిచాడు డారెల్. నాగేందర్ వంగాడు.

"నర్సు చెప్పమంది. టైమ్ అయిపోయి బజర్ మోగితే బాంబు పేలుతుందట. స్కోరర్ టేబుల్ కింద నల్ల వైరు. గొడవ చేస్తే ముందే పేల్చేస్తారట. గడియారం సున్నాకు రాకూడదు."

"ఆమె నీకెందుకు చెప్పింది?"

"నువ్వు వినవంది."

ఆ మాట నాగేందర్‌ను కోసేసింది. కోచ్ డారెల్‌ను మళ్లీ కోర్టులోకి పంపాడు. టేబుల్ కోర్టుకు ఆ చివర. ఆట నడుస్తుంటే క్లీనర్ గీత దాటలేడు. అయిదు సెకన్లు. మూడు. బంతి అవతలి జట్టు చేతిలో. రెండు.

డారెల్ తన వాచిన మోకాలి మీదే బలమంతా వేసి బంతి పట్టినవాడి మీదికి దూకాడు. విజిల్! ఫౌల్! గడియారం ఒకటి దగ్గర ఆగింది.

ఇద్దరూ పడిన చోట చెమట. నాగేందర్ మాపుతో పరుగెత్తాడు. తుడుస్తూ తుడుస్తూ టేబుల్ కిందికి కర్ర దూర్చాడు. టక్! నల్ల వైరు తెగింది. ఫ్రీత్రోలు వేశారు, సున్నా పడింది. బజర్ మోగలేదు. చెడిపోయిందేమో అని జనం నవ్వుకున్నారు.

నాగేందర్ పంపిన కబురుతో గేటు దగ్గర రోలాండ్‌ను పోలీసులు పట్టుకున్నారు. వాడి జేబులో ఖాళీ సిరంజి దొరికింది. అది తెలిసి నాగేందర్ క్లినిక్‌కు పరుగెత్తాడు.

సృజన కుర్చీలో వెనక్కి వాలి ఉంది. చేతిలో టేప్ చుట్ట అలాగే ఉంది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు. అతను నేల మీద కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పు సృజనా. ఇంటున్న. ఎంతసేపైనా ఇంట. నువ్వు పిలిచిననాడే నిలవడాల్సింది, తప్పైంది. నువ్వు నా పెండ్లానివే. ఏషం నాకెన్నడూ ఒడువలే."

అంబులెన్స్ వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

అమెరికాలో ఒప్పందం కుదిరిందని ఆ వారమే వార్త వచ్చింది. డారెల్ ఫోన్‌కు మొదటి కాల్ టీమ్ డాక్టర్‌ది. "మోకాలెలా ఉంది?" అని వినపడగానే అంత పొడుగు మనిషీ గోడకు ఆనుకుని ఏడ్చాడు.

నాగేందర్ ఫోన్ కూడా మోగింది. చీఫ్ మెసేజ్: "సృజన చివరిదాకా మన మనిషే. నో కాంటాక్ట్ ఆర్డర్ ఎత్తేశాం."

నాగేందర్ జవాబు కొట్టాడు.

"ఆర్డర్ ఉండగానే మాట్లాడాను సర్. జరిమానా ఎంతో చెప్పండి."