నమ్మలేని అడుగు దగ్గర ఆగు

కాన్‌బెరా సరస్సులో తేలిన శవం అలిస్టర్ క్విల్‌ది. గూఢచారి విభాగం కంప్యూటర్లకు గుండెకాయలాంటి కెర్నెల్ ప్రోగ్రామ్ రాసింది అతనే.

"ప్రమాదం కాదు, హత్య," అన్నాడు బాస్ డూగల్. ఎదుట ఫ్లాట్ వైట్ కాఫీ చల్లారిపోతున్నా ముట్టలేదు. "కెర్నెల్ కుప్పకూలితే ఏం చేస్తుందో తెలుసుగా?"

"ఏ పని ఏ పనిని పిలిచిందో వెనక్కి నడుచుకుంటూ పోయి, ఆ జాడ రాస్తుంది," అన్నాడు ఏజెంట్ కెల్విన్ ట్రెగార్.

"ఆ నడకకి అలిస్టర్ కాపలా పెట్టాడు. అడుగు హద్దు దాటితే అక్కడే ఆగిపోవాలి. విదేశీ ముఠా ఆ కాపలా తీయించింది. ఇప్పుడది కూలితే దారితప్పి మన ఏజెంట్ల పేర్లున్న మెమరీలోకి పోయి, వాటినీ జాడలో రాసేస్తుంది. కూలిన ప్రతి జాడనీ బయటి నిపుణులకి పంపేయడం మనవాళ్ళకి అలవాటాయె. ముఠా అక్కడే కాచుకుని ఉంది."

ఆ పేర్లలో కెల్విన్ చెల్లెలు నోలా ఉంది. శత్రుదేశంలో టీచర్ వేషంలో పనిచేస్తోంది.

విభాగంలో ముఠా మనిషి ఎవరో తెలియదు కాబట్టి, కెల్విన్ మధ్యాహ్నం కాఫీ మెషీన్ మెకానిక్ వేషంలో సర్వర్ గదిలో దూరాడు. స్క్రూడ్రైవర్ పిడిలో దాచిన చిప్ గుచ్చాడు. కాపలా ఉన్న పాత కెర్నెల్ నత్తనడకన ఎక్కసాగింది.

వెనక నుంచి పెర్ఫ్యూమ్ వాసన. ఇమోజెన్ వేల్. ముఠాలో ఉంటూ రహస్యంగా తమ విభాగానికే పనిచేస్తోందని అందరూ నమ్మిన అందగత్తె.

"ఇక్కడ కాఫీ దొరకదు కెల్విన్."

"కాపలా ఎవరు తీశారు?"

"నేనే. మార్పు అలిస్టర్‌కి చూపించా. ఒక్క మాట అనకుండా సరేనన్నాడు."

కెల్విన్‌కు అబద్ధం దొరికిపోయింది. కెర్నెల్ రాసేవాళ్ళలో ఎదుటివాళ్ళ మార్పుకి మొదటిసారే సరేనన్నవాడు ఇంకా పుట్టలేదు. అలిస్టరైతే ఒక్క కామా కోసం వారమంతా పోట్లాడే రకం.

"నువ్వతన్ని అడగలేదు," అన్నాడు. "అడిగుంటే ఇంకా తిడుతూనే ఉండేవాడు. చంపేశావు."

ఇమోజెన్ ముఖంలో నవ్వు మాయమైంది. వాచీ మీద వేలు పెట్టింది. పాత కెర్నెల్ ఎక్కడం పూర్తయిన క్షణంలోనే బటన్ నొక్కింది.

కంప్యూటర్ కూలింది. తెర మీద జాడ వరుసగా పడుతోంది. ఒక్కో వరుసలో నోలా పేరు కోసం కెల్విన్ వెతికాడు. చివరికొక మాట వచ్చింది: ఈ అడుగు హద్దు దాటింది, ఆపేస్తున్నాను.

ఒక్క పేరు కూడా బయటపడలేదు. డూగల్ పంపిన గార్డులు వచ్చి ఇమోజెన్ చేతులు విరిచి పట్టుకున్నారు.

సాయంత్రం కెల్విన్ డూగల్ గదికి వెళ్ళాడు.

"నోలాకి చెప్పనా?" అడిగాడు డూగల్.

"వద్దు బాస్. అదసలే ప్రమాదమంటే పడిచచ్చే రకం. అక్కడ ఇంత ప్రమాదంగా ఉందని తెలిస్తే, చచ్చినా ఇంటికి రాదు."