అమ్మ పోను

లాక్‌డౌన్ పెట్టాక రవీంద్రకు బడి లేదు, పాఠం వినే పిల్లలూ లేరు. అతని జోకులన్నీ ఆ దీవిలో, వాలేలేవులోని తన ఇంట్లోవాళ్ళే భరించాల్సి వచ్చింది.

"రవీ, పోను ఇటియ్యి. శోభన చేస్తది," అంది తల్లి రుక్మిణి.

"పోను కాదమ్మా, ఫోను. పోను అంటే నై జాయేగా, వెళ్ళను అని. కర్ఫ్యూలో ఊరంతా పోనే."

రోటీ కాలుస్తున్న భార్య మంజు నవ్వు ఆపుకుంది.

శోభన రవీంద్ర చెల్లెలు. బ్రిస్బేన్‌లో వృద్ధుల హోములో నర్సు. సరిహద్దులు మూసేశాక ఇంటికి రాలేకపోయింది. తాతల కాలంలో వలస వచ్చిన ఆ ఇంట్లో తెలుగు అరిగి అరిగి హిందీలో కలిసిపోయింది. మిగిలిన నాలుగు ముక్కల్లో ఒకటి, తల్లీకూతుళ్ళ మాటల చివర రోజూ వినిపించే "పోయొస్తా".

ఆ ఉదయం శోభన ఎక్కువ మాట్లాడలేదు. "అమ్మా, పోతున్నా," అని పెట్టేసింది.

రుక్మిణి చెవి దగ్గర ఫోను అలాగే ఉండిపోయింది. "వస్తా అనలేదురా."

"బార్డర్ మూశారుగా. 'వస్తా' అవతలే ఆగిపోయింది."

ఎవరూ నవ్వలేదు. మంజు పొయ్యి ఆపింది.

"నిన్న శోభన నాతో, 'భౌజీ, వదినా, నా గాజులు నీ బిడ్డకే ఇచ్చెయ్యి' అన్నది. ప్రేమ అనుకున్నా. నిద్ర వస్తలేదని నీకు చెప్తే ఏమన్నవ్?"

నిద్రని క్వారంటైన్‌లో పెట్టారేమో, గడువయ్యాక వదులుతారని అప్పుడు రవీంద్ర చెల్లెలితో అన్నాడు. "అది నవ్వింది కదా," అన్నాడు మెల్లగా.

"నవ్వక ఏం చేస్తది? ఇంకో మాటకి నువ్వు చోటిచ్చినవా?" అంది మంజు.

రవీంద్ర ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. మంజు తన ఫోనులో శోభన పక్క ఫ్లాటులో ఉండే షీలాను పట్టుకుంది.

స్పీకరులో చెప్పుల చప్పుడు. తలుపు తట్టిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

ఆఖరికి లోపల గడియ తీసిన చప్పుడు.

"కౌంచీ అయింది, ఏమైంది శోభనా?" అంటోంది షీలా. ఆపైన ఏడుపు.

"చెల్లీ," అన్నాడు రవీంద్ర. "జోకు లేదు. చచ్చిపోవాలనిపిస్తున్నదా?"

"హా, భయ్యా. చాన్నాళ్ళ నుంచి. ఇక్కడ ముసలోళ్ళు ఒంటరిగా పోతున్నరు. వాళ్ళ చెయ్యి నేను పట్టుకుంట. ఇంటికొస్తే నా చెయ్యి…"

"నేను పట్టుకున్నా," అంది షీలా. "ఒక్కదాన్ని వదలను. ఇప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకపోతా."

రుక్మిణి ఫోను లాక్కుంది. "పోను విడవకు, బిడ్డా."

"పోను అమ్మా," అంది శోభన వెక్కుతూ. "పోను."

రవీంద్ర అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. దిద్దలేదు. ఏడ్చేశాడు.

కాసేపటికి అవతల తాళం వేసిన చప్పుడు. "అమ్మా, షీలాతో డాక్టర్ దగ్గరికి పోయొస్తా."

"పోయి రా," అంది రుక్మిణి. 'రా' ఒక్కటే గట్టిగా వినిపించింది.